సర్టిఫికెట్ మీది పేరు కాదు, బిడ్డను చూద్దాం

ఆ మధ్య మా పిల్లల వార్డులో ఏడేళ్ళ బాబు జ్వరంతో చేరాడు. బాబుకు డౌన్ సిండ్రోమ్ ఉంది. పిలిస్తే పలకడు, చెయ్యి చాపమంటే చాపడు. "బడిలో కూడా ఇంతే సిస్టరమ్మా. చెప్పిన మాట వినడని వెనక బల్ల మీద కూర్చోబెట్టారు" అని తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కేసు షీటులో జబ్బు పేరు చూసి, ఈ పిల్లలు ఇంతేలే అని మేము కూడా అనుకున్నాము.

రాత్రి డ్యూటీలో ఉన్న ఒక చిన్న సిస్టరు మాత్రం ఒక సంగతి కనిపెట్టింది. ఎదురుగా నిలబడి సైగ చేస్తే బాబు వెంటనే చేస్తున్నాడు. చెవి పరీక్ష చేయిస్తే, రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరి ఉంది. మాట వినకపోవడం కాదు, బాబుకు మాట వినపడడం లేదు. పొరపాటు మాది కూడా కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

సర్టిఫికెట్ ఎందుకు?

జబ్బు పేరు తెలుసుకోవద్దని మేము అనడం లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, చదవడంలో రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు కూడా వాటిలో ఉన్నాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్లు సర్టిఫికెట్ ఉంటే 6 నుండి 18 ఏళ్ళ వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. కాబట్టి సర్టిఫికెట్ తప్పక తీసుకోండి. అయితే బిడ్డకు ఏమి వచ్చో, ఏమి కావాలో అది చెప్పదు.

ఒకటే పేరు, వేరు వేరు పిల్లలు

ఆటిజం ఉన్న ఒక బిడ్డ గలగలా మాట్లాడవచ్చు, ఇంకొక బిడ్డకు మాటలే రాకపోవచ్చు. ఒకరు కుక్కరు కూతకే చెవులు మూసుకుంటారు, ఇంకొకరు పట్టించుకోరు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో వినికిడి, చూపు, థైరాయిడ్, గుండె ఇబ్బందులు ఎక్కువగా కనిపిస్తాయి. వీటికి వైద్యం ఉంది. అన్నీ ఆ జబ్బు వల్లేనని వదిలేస్తే, నయమయ్యేది కూడా నయం కాకుండా మిగిలిపోతుంది. తల బాదుకునే బిడ్డకు పంటినొప్పో, చెవిపోటో ఉండవచ్చు. క్లాసులో ఉన్నట్టుండి కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తుండిపోయే బిడ్డకు ఒక రకం ఫిట్స్ ఉండవచ్చు.

తల్లిదండ్రులు చేయవలసినవి

1. ఏడాదికొకసారి చెవులు, కళ్ళు పరీక్ష చేయించండి. డౌన్ సిండ్రోమ్ అయితే థైరాయిడ్ రక్తపరీక్ష కూడా చేయించండి.

2. ప్రవర్తన కొత్తగా మారితే కొట్టకండి, తిట్టకండి. ముందు డాక్టరుకు చూపించండి.

3. బిడ్డ ఏమి చేయగలడు, దేనికి భయపడతాడు, నీళ్ళు కావాలంటే ఎలా అడుగుతాడు అన్నవి ఒక కాగితం మీద రాసి టీచరుగారికి ఇవ్వండి.

4. మీ మండలంలోని భవిత కేంద్రం గురించి బడిలో అడిగి తెలుసుకోండి.

ఆ బాబుకు చెవి వైద్యం జరిగింది. ముందు బల్ల మీద కూర్చోబెట్టమని టీచరుగారికి చీటీ రాసి ఇచ్చాము. మొన్న చూపించుకోవడానికి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర నుండి పేరు పెట్టి పిలిస్తే, తిరిగి చూసి నవ్వాడు. మీ బిడ్డ విషయంలో ఏ సందేహం ఉన్నా ఓ.పి.లో మా సిస్టర్లను మొహమాటం లేకుండా అడగండి.