గడువు దాటిన ఇల్లు



2022 క్రిస్మస్ కొత్త ఇంట్లో చేసుకుంటామని మా మనుమరాలు బడిలో స్నేహితులందరికీ చెప్పుకుంది. గుమ్మానికి కట్టాలని రంగు కాగితాలతో నక్షత్రం కూడా చేసి పెట్టుకుంది. ఆ డిసెంబరులో మేము వెళ్లి చూస్తే మా ఫ్లాట్‌కు ఇంకా ప్లాస్టరింగు కాలేదు. కిటికీలు లేవు. లిఫ్టు గుంటలో వాన నీళ్లు నిలిచి ఉన్నాయి.

నేను తెనాలి దగ్గర పల్లెలో పాఠాలు చెప్పి రిటైరైనవాడిని. అబ్బాయి విజయవాడలో చిన్న ఉద్యోగం చేస్తున్నాడు. వాడికొక గూడు ఏర్పడాలని 2020 డిసెంబరులో నగర శివారున ఫ్లాట్‌కు ఒప్పందం చేసుకున్నాము. ఖరీదు 34 లక్షలు. 30 సెంట్ల మాగాణి అమ్మిన డబ్బు, నా రిటైర్మెంటు సొమ్ములో కొంత కలిపి 13 లక్షలు నేనిచ్చాను. తక్కిన దానికి అబ్బాయి బ్యాంకులో అప్పు తీసుకున్నాడు. రెండేళ్లలో తాళం చెవి ఇస్తానని బిల్డరు మాట.

ఆ బిల్డరు పరాయివాడు కాదు. అబ్బాయి వెళ్లే సంఘంలోనే విశ్వాసి. అక్కడే మొదటి చిక్కు వచ్చింది.

మాట మాటే, కాగితం కాగితమే

"మాస్టారూ, మనలో మనకు అగ్రిమెంటు రిజిస్ట్రేషను ఎందుకు? స్టాంపు ఖర్చు దండగ. నా మాట మీద నమ్మకం లేదా?" అన్నాడు. నేను మొహమాటపడి సరే అనబోయాను. మా ఇంటావిడ ఒప్పుకోలేదు. "తమ్ముడూ, మాట మాటే, కాగితం కాగితమే. రేపు నీకేమైనా అయితే మేము ఎవరిని అడగాలి? మాకేమైనా అయితే నువ్వెవరిని అడుగుతావు?" అంది. అప్పుడు అందరం సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాము. ఆ రోజు ఆమె మాట విన్నందుకు తరువాత ఎన్నిసార్లు దేవుని స్తుతించానో లెక్కలేదు.

యిర్మీయా గ్రంథం 32వ అధ్యాయం గుర్తు చేసుకోండి. ప్రవక్త అనాతోతులో పొలం కొన్నది ఎవరి దగ్గర? సొంత పినతండ్రి కుమారుడైన హనమేలు దగ్గర. అయినా పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు, పత్రం వ్రాసి ముద్ర వేశాడు, సాక్షులను పెట్టాడు, ఆ పత్రాలను మట్టికుండలో భద్రపరిపించాడు. రక్త సంబంధీకుల మధ్యనే అంత జాగ్రత్త ఉంటే, మనం కాగితం అడగడం అవిశ్వాసం ఎలా అవుతుంది?

రెండు ఇళ్ల ఖర్చు

గడువు దాటాక అసలు బాధ మొదలైంది. అబ్బాయి అద్దె నెలకు 11 వేలు. బ్యాంకు అప్పటికి విడుదల చేసిన 17 లక్షల మీద వడ్డీయే నెలకు దాదాపు 12 వేలు. ఉండే ఇంటికీ కట్టాలి, లేని ఇంటికీ కట్టాలి. కోడలు మెడలోని గొలుసు బ్యాంకు లాకరుకు కాదు, తాకట్టుకు వెళ్లింది. "మీ నాన్నగారే కదా ఆయన మంచివాడన్నది" అని ఒకనాడు ఆమె నోరు జారింది. అబ్బాయి అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఇల్లు ఆలస్యమైతే సున్నం, సిమెంటు మాత్రమే ఆగవు, కుటుంబంలో సమాధానం కూడా ఆగిపోతుంది.

బిల్డరును అడిగినప్పుడల్లా ఒక కారణం. ఇసుక దొరకలేదు. మేస్త్రీలు ఊరికి వెళ్లారు. ట్రాన్స్‌ఫార్మరు రాలేదు. ప్రతిసారీ "వచ్చే నెల ఖాయం" అనేవాడు. ఇలా నాలుగు నెలలు గడిచాయి.

చట్టం ఏమంటోంది?

అబ్బాయి స్నేహితుడొకరు లాయరు. ఆయన చెప్పిన తరువాతే మాకు 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం గురించి తెలిసింది. రెరా అంటారు. పూర్తిగా 2017 మే 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు వేర్వేరు రెరా సంస్థలు ఉన్నాయి. పల్లెవాసులు తప్పక తెలుసుకోవలసిన సంగతులు ఇవి:

1. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా బిల్డరు ఖరీదులో 10 శాతానికి మించి తీసుకోకూడదు. 34 లక్షల ఫ్లాట్‌కు 3 లక్షల 40 వేలు దాటకూడదన్నమాట.

2. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉంచి, ఆ కట్టడం, ఆ స్థలం ఖర్చులకే వాడాలి. మన డబ్బుతో మరో చోట పునాది తీయకూడదు.

3. ఒప్పుకున్న తేదీకి ఇల్లు అప్పగించకపోతే మనకు రెండు దారులు. ఒకటి, కొనుగోలు మానుకొని కట్టిన సొమ్ము వడ్డీతో, నష్టపరిహారంతో తిరిగి అడగడం. రెండు, ఇల్లే కావాలంటే అప్పగించేవరకు ఆలస్యమైన ప్రతి నెలకు వడ్డీ అడగడం. ఇది 18వ సెక్షను.

4. ఆ వడ్డీ స్టేట్ బ్యాంకు అప్పుల రేటుకు 2 శాతం కలిపి లెక్క కడతారు. ఉదాహరణకు అది 10 శాతం అనుకుంటే, 30 లక్షలు కట్టినవారికి నెలకు 25 వేలు.

5. యుద్ధం, వరద, కరువు, అగ్ని ప్రమాదం, తుపాను, భూకంపం వంటి వాటి వల్ల పని ఆగితే బిల్డరు రెరాను గడువు పొడిగింపు అడగవచ్చు. బిల్డరు తప్పు లేని ఇతర సందర్భాలలో రెరా సంస్థ విచారించి గరిష్ఠంగా ఒక ఏడాది ఇవ్వవచ్చు. "మేస్త్రీలు రాలేదు" అని తనకు తానే గడువు పొడిగించుకొనే హక్కు బిల్డరుకు లేదు.

6. ఇల్లు అప్పగించిన తరువాత 5 ఏళ్లలోగా కట్టడంలో లోపం బయటపడి చెబితే, 30 రోజులలో తన ఖర్చుతో బాగుచేయాలి.

అయితే ఒక హెచ్చరిక. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు మించని స్థలంలోనో, 8 ఫ్లాట్లు మించకుండానో కట్టేవారికి రెరా నమోదు తప్పనిసరి కాదు. చిన్న పట్టణాలలో మనవారు కొనేవి తరచుగా ఇటువంటివే. అక్కడ అగ్రిమెంటే మనకు ఆధారం. జిల్లా వినియోగదారుల కమిషను తలుపు మాత్రం తెరిచే ఉంటుంది. చెల్లించిన సొమ్ము 50 లక్షల వరకు ఉంటే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. రెండేళ్లలోగా చేయాలి. లాయరును పెట్టుకోలేనివారు తామే వెళ్లి మాట్లాడుకోవచ్చు.

తోటి విశ్వాసి మీద ఫిర్యాదా?

చట్టం తెలిసినా నా మనసు ఒప్పలేదు. సంఘ కాపరి అయ్యగారి దగ్గరకు వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆయన మత్తయి సువార్త 18వ అధ్యాయం తీశారు. "మొదట ఒంటరిగా మాట్లాడండి. వినకపోతే ఇద్దరు ముగ్గురు సాక్షులతో వెళ్లండి. మాస్టారూ, తప్పును తప్పు అనడం ద్వేషం కాదు. ఆ మాట వీధిలో అనడమే తప్పు" అన్నారు. ఆ రోజు నుంచి సంఘంలో ఎవరి దగ్గరా అతని పేరెత్తవద్దని ఇంట్లో నిర్ణయించుకున్నాము.

ముందుగా ఉత్తరం వ్రాశాము. అందులో కోపం లేదు, తేదీలున్నాయి. ఎప్పుడు ఎంత కట్టాము, అగ్రిమెంటులో ఏ తేదీ ఉంది, ఈ రోజుకు ఏ పనులు మిగిలాయి, 18వ సెక్షను ప్రకారం మాకు రావలసినదెంత అని వ్రాసి, 15 రోజుల్లో జవాబు కోరాము. స్పీడ్ పోస్టులో పంపి, అందిన రుజువు దాచాము. అదే భవనంలో ఫ్లాట్లు కొన్న మరి ఆరు కుటుంబాలు కూడా అలాగే వ్రాశాయి.

జవాబు రాలేదు. అప్పుడు ఇద్దరు సంఘ పెద్దలతో కలిసి వెళ్లి, రెరాకు సిద్ధం చేసిన ఫిర్యాదు నకలు అతని ముందు పెట్టాము. చదివి చాలాసేపు మాట్లాడలేదు. చివరకు తల దించుకొని, "నిజమే మాస్టారూ. మీ డబ్బు కొంత ఇంకో సైటులో పెట్టాను. అక్కడ ఫ్లాట్లు అమ్ముడుపోలేదు" అన్నాడు. అతని చేతులు వణకడం నేను చూశాను. నా కోపం అక్కడే సగం చల్లారింది. కాని కోడలి గొలుసు గుర్తొచ్చింది. అందుకే క్షమించానని చెప్పి కాగితం మడిచి లేచి రాలేదు.

ఏ పని ఏ నెలలో ముగుస్తుందో తేదీలతో వ్రాయించుకున్నాము. మా హక్కులు వదులుకుంటున్నట్టు ఒక్క మాట కూడా రానివ్వలేదు. 2024 ఫిబ్రవరిలో, 14 నెలల ఆలస్యంతో ఇల్లు చేతికి వచ్చింది. లెక్క ప్రకారం మాకు దాదాపు 3 లక్షల 50 వేలు రావాలి. మేము ఇవ్వవలసిన చివరి 4 లక్షలలో 2 లక్షల 50 వేలు తగ్గించుకోవడానికి ఇరువురం సంతకాలు చేశాము. మిగిలినది ఎవరూ బలవంతపెట్టకుండా మేమే వదులుకున్నాము.

కొనబోయేవారికి నాలుగు మాటలు

అడ్వాన్సు ఇవ్వకముందే రెరా వెబ్‌సైటులో ఆ కట్టడం నమోదు సంఖ్య, పూర్తి చేస్తానన్న తేదీ చూడండి. పని ఎంతవరకు వచ్చిందో మూడు నెలలకొకసారి బిల్డరు అక్కడ తెలియజేయాలి. మీకు రాకపోతే చదువుకున్న పిల్లల చేత చూపించుకోండి.

నగదు ఇవ్వకండి. ప్రతి రూపాయి బ్యాంకు ద్వారానే వెళ్లాలి. రసీదులన్నీ ఒక సంచిలో ఉంచండి.

కోపంతో బ్యాంకు వాయిదా ఆపకండి. నష్టపోయేది మీరే. బిల్డరుకు కట్టవలసినది మీరు ఆలస్యం చేసినా అదే రేటున వడ్డీ పడుతుంది.

తాళం చెవి తీసుకొనే ముందు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగండి. కొత్త తేదీతో మరో కాగితం మీద సంతకం పెట్టమంటే ఇంటికి తెచ్చి, తెలిసినవారికి చూపించి గాని పెట్టకండి.

గృహ ప్రతిష్ఠ కూడికకు బిల్డరును పిలవాలా అని ఇంట్లో ఒక పూట చర్చ జరిగింది. చివరకు కోడలే ఫోను చేసి, "అన్నయ్యగారూ, పిల్లలతో కలిసి రండి" అని పిలిచింది. అతను వచ్చి వెనుక వరుసలో కూర్చున్నాడు. భోజనాల వేళ మా మనుమరాలు అతని చెయ్యి పట్టుకొని గుమ్మం దగ్గరకు తీసుకెళ్లింది. రెండు క్రిస్మసులు దాటి రంగు వెలిసిన ఆ కాగితపు నక్షత్రాన్ని అతని చేతనే కట్టించింది.