మేనరికం - జన్యుశాస్త్ర పరిశోధనలు

మేనరికం అనగా మేనమామ సంతానానికి, మేనత్త సంతానానికి మధ్య జరిగే వివాహం. అక్క కూతురిని మేనమామ వివాహమాడటాన్ని కూడా వాడుకలో మేనరికం అనే అంటారు. ఒకే ముత్తాత సంతతికి చెందినవారి మధ్య, లేదా అంతకంటే దగ్గరి బంధువుల మధ్య జరిగే అన్ని వివాహాలనూ వైద్యశాస్త్రం రక్తసంబంధ వివాహాలుగా పరిగణిస్తుంది. మేనరికం వీటిలో ఒక భాగం మాత్రమే. ప్రపంచ జనాభాలో సుమారు 10.4 శాతం మంది ఇటువంటి దంపతులు లేదా వారి సంతానమని 2010లో బిటిల్స్, బ్లాక్ అనే పరిశోధకులు అంచనా వేశారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక రాష్ట్రాల్లో ఇది తరతరాలుగా వస్తున్న ఆచారం. అందువలన మానవ జన్యుశాస్త్ర చరిత్రలో తెలుగు కుటుంబాలకు ఒక ప్రత్యేక స్థానం ఏర్పడింది.

బంధుత్వం - రక్తసంబంధం

తెలుగువారి బంధుత్వ పదాలలోనే వివాహ నియమం ఇమిడి ఉంది. మేనమామ కూతురు, మేనత్త కూతురు వరుసకు మరదలో వదినో అవుతారు. పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్నిల పిల్లలు మాత్రం అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. వీరి మధ్య వివాహమన్న ఊహనే హిందూ కుటుంబాలు సహించవు. ముస్లిం కుటుంబాలలో పినతండ్రి సంతానంతో వివాహానికి అభ్యంతరం లేదు.

జీవశాస్త్రం ఈ తేడాను గుర్తించదు. మేనత్త కూతురైనా, చిన్నాన్న కూతురైనా ఒక వ్యక్తితో సగటున ఎనిమిదో వంతు జన్యువులను పంచుకుంటుంది. మేనమామ, మేనకోడళ్ళ మధ్య ఈ భాగం నాలుగో వంతు. అనగా "వరుస కలిసింది" అన్న మాట సమాజానికి సంబంధించినదే గాని, జన్యువులకు సంబంధించినది కాదు.

ఇందులో ఒక చిన్న మినహాయింపు ఉంది. కుమారునికి తండ్రి నుండి ఎక్స్ క్రోమోజోము రాదు. కనుక మేనత్త కూతురిని వివాహమాడిన వానికి పుట్టే కుమార్తెలో, ఉమ్మడి తాతామామ్మల నుండి వచ్చిన ఒకే ఎక్స్ క్రోమోజోము భాగం రెండు వైపుల నుండీ చేరే అవకాశం లేదు. మేనమామ కూతురిని వివాహమాడినప్పుడు ఆ అవకాశం ఉంటుంది. మిగిలిన 22 జతల క్రోమోజోముల విషయంలో రెండూ సమానమే.

నష్టం ఎలా కలుగుతుంది?

ప్రతి మనిషిలోనూ లోపభూయిష్టమైన జన్యువులు కొన్ని ఉంటాయి. వీటిలో అధిక భాగం అంతర్గత స్వభావం కలవి. అనగా జతలో రెండవ ప్రతి సరిగా ఉన్నంతకాలం వ్యాధి బయటపడదు. ఇటువంటి వారిని వాహకులు అంటారు. తల్లి, తండ్రి ఇద్దరూ ఒకే లోపానికి వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. దగ్గరి బంధువులకు తాతామామ్మలు ఉమ్మడి కనుక, ఒకే లోపం ఇద్దరికీ సంక్రమించి ఉండే అవకాశం ఎక్కువ.

దీనిని కొలవడానికి అమెరికన్ శాస్త్రవేత్త స్యూయల్ రైట్ 1922లో అంతఃప్రజనన గుణకం అనే కొలమానాన్ని ప్రవేశపెట్టాడు. బావామరదళ్ళ సంతానానికి ఈ గుణకం 1/16, మేనమామ మేనకోడళ్ళ సంతానానికి 1/8. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక అరుదైన వ్యాధికి నూటికి ఒకరు వాహకులనుకుందాం. సంబంధం లేని దంపతులకు ఆ వ్యాధితో బిడ్డ పుట్టే అవకాశం 40,000లో ఒకటి. బావామరదళ్ళకు సుమారు 3,000లో ఒకటి, మేనమామ మేనకోడళ్ళకు సుమారు 1,550లో ఒకటి. వ్యాధి ఎంత అరుదైనదైతే ఈ నిష్పత్తి అంత పెరుగుతుంది. జనాభాలో విరివిగా ఉన్న లోపాల విషయంలో తేడా స్వల్పం. మేనరికం వలన వచ్చే వ్యాధులలో వైద్యులు సైతం ఎన్నడూ చూడనివి ఉండటానికి కారణం ఇదే.

ఇరువైపుల నుండీ లోపం చేరితేనే ఈ వ్యాధులు వస్తాయి. అటువంటి బిడ్డ పుట్టినప్పుడు కోడలిని మాత్రమే నిందించడం ఇంకా కొన్ని కుటుంబాలలో కనిపిస్తుంది. దీనికి శాస్త్రాధారం ఏమాత్రం లేదు. మేనరికంలో ఆ లోపం తరచుగా ఇద్దరికీ ఉమ్మడి అయిన తాత నుండో, మామ్మ నుండో వచ్చినదే.

పరిశోధనల చరిత్ర

పరిణామ సిద్ధాంతకర్త చార్లెస్ డార్విన్ 1839లో ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను వివాహమాడాడు. ఆమె అతని తల్లి సోదరుని కుమార్తె. తెలుగు లెక్కన ఇది అచ్చమైన మేనరికం. వారి పదిమంది సంతానంలో ముగ్గురు బాల్యంలోనే మరణించారు. ఈ వివాహమే అందుకు కారణమేమో అన్న శంక డార్విన్‌ను వెంటాడింది. జనాభా లెక్కలలో దగ్గరి బంధువుల వివాహాల గురించి ఒక ప్రశ్న చేర్చాలని 1870లో అతను ప్రయత్నించాడు గాని, బ్రిటిష్ పార్లమెంటు అంగీకరించలేదు. అతని కుమారుడు జార్జ్ డార్విన్ 1875లో ఈ విషయంపై ఒక గణాంక అధ్యయనాన్ని ప్రచురించాడు.

అసలు కారణం 1902లో బయటపడింది. మూత్రం నల్లబారే ఆల్కాప్టొన్యూరియా అనే వ్యాధిని పరిశీలించిన లండన్ వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్, రోగుల తల్లిదండ్రులలో చాలామంది దగ్గరి బంధువులని గమనించాడు. మెండెల్ చెప్పిన అంతర్గత లక్షణాల సూత్రం దీనికి సరిపోతుందని విలియం బేట్సన్ సూచించాడు. మానవ వ్యాధికి మెండెల్ సూత్రం అన్వయించిన తొలి సందర్భం ఇదే.

ప్రఖ్యాత జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్.హాల్డేన్ 1957లో ఇంగ్లండు విడిచి భారతదేశం వచ్చి స్థిరపడ్డాడు. పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు అతని శిష్యుడు. కృష్ణారావు, పి.మీరాఖాన్ కలిసి ఆంధ్రదేశంలో రక్తసంబంధ వివాహాల వ్యాప్తిని, ప్రభావాన్ని పరిశీలించి, 1963లో జర్నల్ ఆఫ్ జెనెటిక్స్ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు.

ఆ కాలంలోనే ఒక ఆసక్తికరమైన వాదం బయలుదేరింది. దక్షిణాదిన మేనరికాలు వందల ఏళ్ళుగా జరుగుతున్నాయి కనుక, హానికర జన్యువులు ఆయా తరాలలోనే బయటపడి నశించి ఉండాలి, కాబట్టి ఇప్పుడు నష్టం తక్కువే ఉండాలి అన్నది ఆ వాదం. ఎల్.డి.సంఘ్వీ 1966లో దీనిని ప్రతిపాదించాడు. తమిళనాడులో రావు, ఇన్బరాజ్ 1970లలో జరిపిన విస్తృత అధ్యయనం కూడా గర్భనష్టం విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని తెలిపింది. అయితే వ్యాధిగ్రస్తులు నశించినా వాహకులు ఆరోగ్యంగా జీవించి లోపాన్ని తరువాతి తరానికి అందిస్తూనే ఉంటారు. పైగా కొత్త ఉత్పరివర్తనాలు పుడుతూనే ఉంటాయి. కనుక ప్రక్షాళన జరిగినా అది బహు నిదానంగానే జరుగుతుంది. దానిని నమ్ముకొని సంబంధం కుదుర్చుకోవడం ఉచితం కాదు.

నష్టం ఎంత?

వివిధ దేశాలలోని 69 జనసముదాయాల సమాచారాన్ని క్రోడీకరించినప్పుడు, బావామరదళ్ళ వంటి దగ్గరి బంధువుల సంతానంలో మరణాలు ఇతరులకన్నా సుమారు 3.5 శాతం అధికమని తేలింది. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ నగరంలో 2007 - 2011 మధ్య జన్మించిన 11,000కు పైగా శిశువులను పరిశీలించి 2013లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం మరింత స్పష్టమైనది. పుట్టుకతో వచ్చే లోపాలు మామూలుగా నూటికి 3 మంది శిశువులలో ఉండగా, పెదనాన్న, మేనమామ వంటివారి పిల్లలను వివాహమాడిన దంపతుల శిశువులలో నూటికి 6గా ఉన్నాయి. పేదరికం ఈ తేడాకు కారణం కాదని కూడా తేలింది.

ఈ సంఖ్యలను రెండు వైపుల నుండీ చదవాలి. ప్రమాదం రెట్టింపు అయిన మాట నిజం. నూటికి 94 మంది శిశువులు ఆ లోపాలు లేకుండా పుట్టిన మాట కూడా నిజమే. అదే అధ్యయనంలో 34 ఏళ్ళు దాటిన తెల్లజాతి తల్లుల శిశువులలోనూ ప్రమాదం దాదాపు రెట్టింపైంది. కాని ఈ సగటు ప్రతి కుటుంబానికీ వర్తించదు. ఒక ఇంట్లో తరతరాలుగా మేనరికాలే జరిగి ఉంటే, గుణకం కాగితం మీది 1/16 కన్నా పెరుగుతుంది. ఇంతకుముందే వ్యాధిగల బిడ్డ పుట్టిన కుటుంబంలో లెక్క పూర్తిగా మారిపోతుంది.

మేనరికం కాకపోయినా

బంధువు కాని వారిని వివాహమాడితే చాలునన్న అభిప్రాయం కూడా సరికాదు. హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీకి చెందిన కుమారసామి తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ రైక్ తదితరులు 2017లో దక్షిణాసియాలోని 263 సముదాయాల జన్యుసమాచారాన్ని ప్రచురించారు. కొద్దిమంది మూలపురుషుల నుండి విస్తరించి, శతాబ్దాలుగా తమలో తామే వివాహాలు చేసుకున్న సముదాయాలలో కొన్ని లోపాలు విరివిగా పేరుకుపోతాయని వారు చూపారు. ఆర్యవైశ్యులలో బ్యుటిరైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఇతర సముదాయాలకన్నా సుమారు వంద రెట్లు ఎక్కువ. ఈ లోపం దైనందిన జీవితంలో బయటపడదు. శస్త్రచికిత్సలో సక్సినైల్ కోలిన్ అనే కండర శిథిలకం ఇచ్చినప్పుడు మాత్రం శ్వాస చాలాసేపు తిరిగి రాకపోవచ్చు. ముందుగా తెలిస్తే మత్తువైద్యుడు వేరే మందు వాడతాడు.

ఆచారం, చట్టం

మేనమామ, మేనత్తల కూతుళ్ళను పెళ్ళాడటాన్ని దక్షిణాదివారి ప్రత్యేకాచారాలలో ఒకటిగా బౌధాయన ధర్మసూత్రం పేర్కొంది. హిందూ వివాహ చట్టం, 1955 ఈ సంబంధాలను నిషిద్ధ జాబితాలో చేర్చింది గాని, ఆచారం ఉన్నచోట మినహాయించింది. ఆస్తి చీలకుండటం, కట్నం భారం తగ్గటం, పిల్ల తెలిసిన ఇంటికే వెళ్ళటం దీనికి చెప్పే కారణాలు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 11 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగో వంతు వివాహిత స్త్రీలు రక్తసంబంధీకులను పెళ్ళాడినవారే.

జన్యు సలహా

సంబంధం నిశ్చయించుకునే ముందు, లేదా వివాహమైతే గర్భధారణకు ముందు, జన్యు సలహా పొందవచ్చు. వైద్యులు మూడు తరాల వంశవృక్షాన్ని గీసి, పసితనంలో మరణించిన వారిని, పుట్టు చెవిటితనం, చూపులోపం, బుద్ధిమాంద్యం ఉన్నవారిని గుర్తిస్తారు. ఇటువంటి వివరాలను దాచడం వలన సలహాకు విలువ ఉండదు. అవసరమైతే దంపతులిద్దరికీ వాహక పరీక్షలు చేస్తారు. వ్యాధిగల బిడ్డ ఉన్న కుటుంబంలో ముందుగా ఆ బిడ్డ రక్తాన్ని పరీక్షించి కచ్చితమైన జన్యులోపాన్ని కనుగొంటే, తరువాతి గర్భంలో పరీక్ష సాధ్యమవుతుంది. హైదరాబాదులో నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో ఈ సేవ లభిస్తుంది.