ఊబకాయం మాటున ఖనిజాల కొరత: పాలమూరు మహిళల ఆహారం, ఒత్తిడి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 30.1 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయం కలవారు, 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ రెండు అంకెలూ వేర్వేరు స్త్రీలవని భావించి, ఒకరికి తిండి తగ్గించమని, మరొకరికి ఐరన్ మాత్ర వేసుకోమని చెప్పడం పరిపాటి అయింది. రెండు సమస్యలూ ఒకే శరీరంలో ఉండవచ్చు.

ఊబకాయంలో స్వల్పస్థాయి శోథ నిరంతరం కొనసాగుతుంది. దాని ప్రభావంతో కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను అధికంగా విడుదల చేస్తుంది. పేగుల నుంచి ఇనుము రక్తంలోకి చేరే దారిని ఇది మూసివేస్తుంది. తిన్న ఇనుము సరిపోయినా రక్తానికి అందదు.

ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ సాధారణంగా తెల్లవారుజామున పెరిగి, అర్ధరాత్రికి తగ్గుతుంది. నిద్రలేమి, ఆందోళన నెలల తరబడి సాగితే ఈ లయ చెదిరి, కడుపు చుట్టూ కొవ్వు చేరడానికి దోహదమవుతుంది. గద్వాల పత్తి విత్తన చేలలో క్రాసింగ్ రోజుల్లో సాయంత్రం మొగ్గల్లోని కేసరాలను తొలగించి, మర్నాటి ఉదయం పుప్పొడి అద్దాలి. వంట, ఇంటిపని ఆ రెంటి నడుమనే. ఒళ్లు వంచి పనిచేసేవారికి ఒత్తిడి ఉండదనుకోవడం పొరపాటు.

మెగ్నీషియం లోపించిన ఎలుకల్లో ఒత్తిడి వ్యవస్థ చురుకుదనం పెరిగినట్లు ప్రయోగాలు చూపాయి. దానిని నేరుగా మహిళలకు అన్వయించడం తొందరపాటే. అయితే జొన్న స్థానంలో తెల్లబియ్యం చేరితే మెగ్నీషియం ఎంత తగ్గుతుందో లెక్కించడానికి ఎలుకలతో పనిలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో మెగ్నీషియం 133 మి.గ్రా., తెల్లబియ్యంలో సుమారు 19 మి.గ్రా.; ఇనుము వరుసగా 3.95, 0.65 మి.గ్రా. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి పథకాల నీటితో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో వరి విస్తరించింది. కరవు, వలసల నేలకు ఆ నీరు ప్రాణాధారం. దానిని నిందించి లాభం లేదు. గట్క, రొట్టె రోజుకొక పూటైనా పళ్లెంలో నిలవాలి. జొన్నలోని ఫైటిక్ ఆమ్లం ఖనిజాల శోషణను అడ్డగిస్తుంది కనుక పులియబెట్టిన అంబలి మేలు.

వరి తప్పనిసరైన చోట, 2016లో విడుదలైన డీఆర్‌ఆర్ ధాన్ 45 పరిశీలించదగినది. దాని పాలిష్ చేసిన బియ్యంలో కిలోకు 22 మి.గ్రా.కు పైగా జింకు ఉంటుంది. అయినా ఖనిజాలు పెంచినంత మాత్రాన హెప్సిడిన్ తగ్గదు, బరువు తగ్గాలి. మాత్రలతో హిమోగ్లోబిన్ పెరగని మహిళను నిర్లక్ష్యపరురాలిగా జమకట్టక ముందే ఆమె నడుము కొలత, నిద్రవేళలు నమోదు చేసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. ఊబకాయంలో ఫెర్రిటిన్ శోథ వల్ల కూడా పెరుగుతుంది కనుక ఆ ఒక్క పరీక్షతో ఇనుము నిల్వలను తేల్చడం కుదరదు.