అనుమతిచీటి కథ

మనము వ్రాసిన ఒక్క మాట, తీసిన ఒక్క ఛాయాచిత్రము, మరల శ్రమపడనక్కఱలేకయే రెండు మూడు సామాజిక మాధ్యమములలో నేకకాలమున ప్రత్యక్షమగుట నేడు సామాన్యమైన సంగతి. కాని ఆ సౌకర్యమునకు మూలమైన సాధనము కంటికి గానరానిది, కేవలము నియమములతో నిర్మింపబడిన యంత్రము. దాని పేరు ఓఆత్.

2006 ప్రాంతమున ఒక ఖాతాను మఱియొక సంస్థతో జతపఱుపగోరినవాడు తన పాస్‌వర్డునే ఆ సంస్థకు ఒప్పగింపవలసి వచ్చెడిది. స్నేహితులను వెదకిపెట్టుటకై క్రొత్త సైటు మన ఈమెయిలు పాస్‌వర్డు నడిగెడిది, మనమును ఇచ్చెడివారము. వాకిట పాలు పోసి పోవలసినవానికి ఇంటి తాళపుచెవుల గుత్తి యంతయు నప్పగించుట యెట్టిదో ఇదియు నట్టిదే. ఆ పాస్‌వర్డు చేజిక్కినవారు మన లేఖలు చదువవచ్చును, మన పేర వ్రాయవచ్చును, దానినే మార్చివేసి మనలను వెలుపల నిలుపవచ్చును. ఒక్కరికిచ్చిన యధికారమును ఉపసంహరింపదలచినచో పాస్‌వర్డు మార్చుటకన్న గత్యంతరము లేదు. మార్చినంతనే తక్కిన అనుసంధానములన్నియు తెగిపోవును.

ఈ చిక్కును విప్పు ప్రయత్నము 2006 నవంబరులో మొదలయ్యెను. అప్పుడు ట్విట్టర్‌లో పనిచేయుచుండిన బ్లెయిన్ కుక్, ఓపెన్‌ఐడీ అను గుర్తింపు పద్ధతిని ఆ సేవకు చేర్చుచుండగా, ‘ఇతడెవ్వడు’ అను ప్రశ్నకు ఆ పద్ధతి సమాధానము చెప్పగలదేగాని, ‘ఇతని పక్షమున మఱియొకరు ఈ పని చేయవచ్చునా’ అను ప్రశ్నకు చెప్పజాలదని తేలెను. మాగ్నోలియా అను బుక్‌మార్కుల సంస్థకు చెందిన లారీ హాఫ్‌కును ఇట్టి యవసరమే కలిగియుండెను. క్రిస్ మెస్సీనా, డేవిడ్ రికార్డన్‌లు వారితో గూడి చర్చింపగా, గూగుల్, యాహూ, ఫ్లికర్ తమతమ సొంత పద్ధతులను కల్పించుకొన్నవేగాని, అందఱికి నుపకరించు ఉమ్మడి ప్రమాణము లేదని స్పష్టమయ్యెను. దానిని రచించుటకై 2007 ఏప్రిలులో నొక చిన్న బృందమేర్పడెను. ఆ సంవత్సరము ముగియకమునుపే మొదటి ప్రమాణము వెలువడెను.

దీని కీలకము టోకెను. తిరుమలలో దర్శనమునకిచ్చు టోకెను నెఱుగని తెలుగువారు అరుదు: అది నిర్ణీతమైన వేళకు ప్రవేశమిచ్చునేగాని కోశాగారపు తలుపు తెఱవదు. ఓఆత్ టోకెనును అట్టిదే. జతకోరిన యాప్ మనలను ఖాతాగల సంస్థ వాకిటికి బంపును. అచ్చట మన పాస్‌వర్డును ఆ సంస్థకే చెప్పి, ‘ఈ యాప్ నా పేర టపాలు ప్రచురింపవచ్చును’ అని సమ్మతింతుము. అంతట ఆ సంస్థ ఊహింపశక్యముగాని యక్షరమాలిక నొకదానిని యాప్‌కు ఇచ్చును. అటుపై ఆ మాలికనే చూపి యాప్ మన టపాను చేరవేయును. పాస్‌వర్డు దాని కంటబడదు. చదువుటకు వేఱు, వ్రాయుటకు వేఱుగా పరిధి నిర్ణయింపవచ్చును, గడువు పెట్టవచ్చును, ఒక్క టోకెనును రద్దుచేసినను తక్కినవి చెక్కుచెదరవు.

బాలారిష్టమువలె 2009 ఏప్రిలులో దీనియం దొక లోపము బయటపడెను: దుండగుడు తాను మొదలిడిన అనుసంధానమును అమాయకునిచే అంగీకరింపజేసి, దాని ఫలమును తాను దక్కించుకొనుటకు వీలుండెను. సమ్మతించినవాడును పని ముగించువాడును ఒక్కడేయని ధ్రువపఱచు సంకేతమును చేర్చి, జూన్‌లో ప్రమాణమును సవరించిరి. 2010 ఆగస్టు 31తో ట్విట్టర్ ఇతర యాప్‌ల నుండి పాస్‌వర్డులు స్వీకరించుట మానివేసెను. 2012 అక్టోబరులో వెలువడిన రెండవ ప్రమాణము, ప్రతి విన్నపమునకు గణితసంతకము చేయవలెనను నియమమును విడిచి, టోకెను పయనించు మార్గమును రహస్యలిపితో గాపాడుటపై నాధారపడెను. యాప్‌లు నిర్మించువారికి ఇది సులువయ్యెను; కాని చిక్కు పెరిగి భద్రత తగ్గినదని తలచిన ప్రధాన సంపాదకుడు ఎరన్ హామర్, అంతకు మునుపే జులైలో, తన పేరును దానినుండి తొలగించుకొనెను.

టోకెను చెల్లుబాటు దానినిచ్చు సంస్థ యిచ్ఛకు లోబడినదని కాలము మనకు నేర్పెను. 2012 జూన్ తుదిని లింక్డ్‌ఇన్‌లోనికి ట్వీట్ల ప్రవాహము ఆగెను. 2018 ఆగస్టు 1 నుండి ఫేస్‌బుక్ వ్యక్తిగత ఖాతాలలో ఇతర యాప్‌లు టపాలు చేర్చు ననుమతిని రద్దుచేసెను. అయినను ఉపసంహరించుకొను హక్కు మనకును గలదు. ఖాతా సెట్టింగులలో మనతో జతపడిన యాప్‌ల పట్టిక యుండును. ఏనాడో వినోదమునకై ఒక్కమాఱు సమ్మతించి మఱచిన టోకెనులు అందింకను సజీవముగా నుండవచ్చును. తాళపుచెవి నీయకయే పని జరిపించుకొను శక్తిని ఈ సాధనము ప్రసాదించినది. పనిలేని ప్రతి చీటిని పేరుపేరున రద్దుచేయు శ్రమ మాత్రము మనది.