కాలితో ఎత్తిన విల్లు

టీవీలో ఆటలు పెట్టగానే వంటింట్లోకి వెళ్ళిపోతాం మనలో చాలామందిమి. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో విలువిద్య పోటీలు చూసినవాళ్ళు మాత్రం కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో లెక్క తప్పే ఉంటారు. రెండు చేతులూ లేని పదిహేడేళ్ళ ఆడపిల్ల కుర్చీలో కూర్చుని, కుడికాలితో విల్లు ఎత్తి, భుజంతో తాడు వెనక్కి లాగి, దవడతో మీట కదిపి బాణం వదిలితే ఇంకెటు చూడగలం చెప్పండి!

ఆ పిల్ల పేరు శీతల్ దేవి. జమ్మూ కాశ్మీర్ కిష్త్వార్ జిల్లాలో కొండల మధ్య చిన్న పల్లె వాళ్ళది. తండ్రి రైతు, తల్లి మేకలు చూసుకుంటుంది. పుట్టుకతోనే చేతులు లేవు. అయినా చిన్నప్పుడు ఊళ్ళో పిల్లలతో పాటు చెట్లెక్కి ఆడుకునేదట. ఎక్కనిచ్చారు చూడండి, నాకు అదే గొప్పగా తోచింది. తర్వాత సైన్యం వాళ్ళ కంటపడి, కృత్రిమ చేతులు పెట్టిద్దామని చూస్తే అవి కుదరలేదు. కానీ ఆ పరీక్షల్లోనే ఒంటి పైభాగంలో మంచి బలం ఉందని తేలింది. కాట్రాలో కుల్దీప్ వేద్వాన్, అభిలాష చౌదరి అనే శిక్షకుల చేతికి వచ్చింది. చేతులు లేనివాళ్ళకి అంతకుముందు వాళ్ళు నేర్పి ఎరగరు. కాళ్ళతో బాణాలు వేసే అమెరికా ఆటగాడు మాట్ స్టట్జ్‌మన్ పద్ధతి చూసి, ఈ పిల్లకి సరిపడేలా పరికరం చేయించారు.

ఆమె వాడేది కాంపౌండ్ విల్లు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ వాడేదీ ఈ రకమే. రెండు కొనల్లో గిలకలుంటాయి. లాగడం మొదలుపెట్టినప్పుడు బరువుగా ఉన్నా, పూర్తిగా లాగాక ఆ బరువు చాలామటుకు తగ్గి గురి చూసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. గురి పెట్టేది 50 మీటర్ల దూరంలో. పది మార్కులిచ్చే నడిమి వలయం అడ్డకొలత 8 సెంటీమీటర్లు, అంటే మనం వత్తే చిన్న పూరీ అంత! పారిస్‌లో తొలి విడతలో 72 బాణాలకి 720 మార్కులైతే శీతల్ 703 తెచ్చుకుంది. తర్వాత ఒంటరి పోటీలో చిలీ అమ్మాయి చేతిలో 137-138తో, ఒక్క మార్కు తేడాతో ఓడింది. మూడు రోజులు గడవకముందే, ప్రమాదంలో నడుం కింద చచ్చుబడ్డ రాకేశ్ కుమార్‌తో జంటగా దిగి, ఇటలీ జంట మీద 156-155తో కంచు పతకం గెలిచింది. 2025లో దక్షిణ కొరియాలోని గ్వాంగ్జూలో ప్రపంచ పోటీల బంగారం కూడా ఆమెదే.

అసలు వికలాంగుల పోటీలు (ఇప్పుడు దివ్యాంగులు అంటున్నారు) మొదలైందే విలువిద్యతో. అదీ ఒక ఆసుపత్రి ఆవరణలో. ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గట్‌మన్ అనే డాక్టరు ఉండేవారు. యుద్ధంలో వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ళు అప్పట్లో ఎక్కువ కాలం బతికేవారు కాదు. పడకపుళ్ళు పట్టి, మూత్రంలో చీము చేరి పోయేవారు. మంచాన పడ్డ అత్తగారికో మామగారికో చేసిన చేతులకి ఆ పుళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఆయన రాత్రింబవళ్ళు రెండేసి గంటలకోసారి వాళ్ళని పక్కకి తిప్పించేవారు. అంతటితో ఊరుకోకుండా కూర్చోబెట్టి ఆటలాడించారు. చక్రాల కుర్చీలోంచి విల్లు లాగితే భుజాలకి బలం, ఒంటికి నిలకడ వస్తాయి. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, పద్నాలుగు మంది మగవాళ్ళూ ఇద్దరు ఆడవాళ్ళూ అక్కడ బాణాలు వేశారు. 1960లో రోములో బంగారు పతకం గెల్చిన మార్గరెట్ మాన్‌ అయితే తను గెలిచానని తెలియక బస్సెక్కి కూర్చుందట! పిలిచి దింపి తీసుకెళ్ళారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, లోపంతో పుట్టిన బిడ్డ ఉన్న ఇంట్లో మన నోటి వెంట తరచుగా వచ్చే మాట ఒకటుంది. "నీకెందుకమ్మా, నేను చేస్తాగా." ప్రేమతోనే అంటాం. గ్లాసు మనమే అందిస్తాం, బొత్తాలు మనమే పెడతాం. పెళ్ళికి వెళ్తే మాత్రం అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్తాం, నలుగురూ ఏమంటారోనని. ఆ పిల్లకి పన్నెండేళ్ళొచ్చినా కాళ్ళలో బలముందో మెడలో బలముందో మనకీ తెలీదు, దానికీ తెలీదు. ఒలికితే ఒలికింది, గుడ్డ పెట్టి తుడుచుకోవచ్చు. గ్లాసు దాన్నే తీసుకోనివ్వండి.

పిల్లలందరూ విలుకాళ్ళు కావాలనడం లేదు. ఈ రకం విల్లు ఖరీదు లక్షల్లో ఉంటుంది, మనలాంటి ఇళ్ళకి తేలిక కాదు. అయితే ముందు వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు తీసి ఉంచండి. ప్రభుత్వ పథకాలకి అదే ఆధారం. పోటీల్లో ఎవరు ఏ తరగతిలో ఆడాలో వాళ్ళ వైద్యులు మళ్ళీ వేరే పరీక్ష చేస్తారు. జిల్లా క్రీడాధికారి ఆఫీసులో ఒకసారి అడిగి రండి, ఏ ఆట ఎక్కడ నేర్పుతున్నారో.

ఇంకో పిల్ల సంగతి చెప్పాలి. ఒడిశాలోని బలంగీర్ ప్రాంతపు పాయల్ నాగ్. కరెంటు తీగ తగిలి రెండు చేతులూ రెండు కాళ్ళూ పోయాయి. అనాథాశ్రమంలో ఉంటూ నోటితో కుంచె పట్టి బొమ్మలు వేసేది. ఆమెని చూసి కాట్రాకి తీసుకొచ్చింది శీతల్‌కి నేర్పిన కుల్దీప్‌గారే. కృత్రిమ కాలికి విల్లు అమర్చుకుని నేర్చుకుంది. 2025 జనవరిలో జైపూర్‌లో జరిగిన జాతీయ పోటీల్లో ఆ పాయల్ ఓడించింది ఎవర్ననుకున్నారు? శీతల్‌నే!