బడి గేటు ముందు పెరిగే బరువు

పిల్లవాడు లావైతే తిండిపోతు అంటాం. చిక్కిపోతే తిన్నది ఒంటపట్టడం లేదంటాం. రెండు మాటల్లోనూ తప్పు వాడి మీదే పడుతుంది. నిజానికి వాడు ఏం తింటాడన్నది చాలావరకు చేతికి ఏం అందుతుందన్న దాన్నిబట్టే ఉంటుంది. బడిలో ఉన్నంతసేపూ అందేవి రెండే: లోపల వంటశాల, బయట అంగడి.

తమిళనాడులోని ధర్మపురి జిల్లా ఇండూరు లాంటి ఊళ్లలో లోపలి తిండికి లోటు లేదు. ఆ రాష్ట్రంలో బడి భోజనానికి వందేళ్ల చరిత్ర ఉంది. 1920లో పిట్టి త్యాగరాయశెట్టి ఆధ్వర్యంలో మద్రాసు నగరపాలక సంస్థ ఒక బడిలో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టింది. 1956లో కామరాజ్, 1982లో ఎం.జి.ఆర్. దాన్ని రాష్ట్రమంతా విస్తరించారు. ఇప్పుడు వారానికి 5 గుడ్లు కూడా పెడుతున్నారు. 2023 ఆగస్టు నుంచి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటా పొద్దుటి ఫలహారమూ వచ్చింది: ఉప్మా, కిచిడీ, పొంగలి, కూరగాయల సాంబారు.

చిక్కంతా ఆ తర్వాతే. ఫలహారం 5వ తరగతితో ఆగిపోతుంది, మధ్యాహ్న భోజనం 10తో. ఆరో తరగతి పిల్ల పొద్దున్నే ఖాళీ కడుపుతో బస్సెక్కి బడికొస్తే, ఇంటర్వెల్ గంట కొట్టేసరికి ఆకలి దంచేస్తుంది. చేతిలో 10 రూపాయలు, ఎదురుగా తోరణాల్లా వేలాడే చిప్స్ ప్యాకెట్లు. బడి పెట్టే తిండి తగ్గే వయసులోనే చేతిఖర్చు పెరుగుతుంది.

ఆ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. 25 గ్రాముల చిప్స్‌లో సుమారు 135 కేలరీలుంటాయి, మాంసకృత్తులు 2 గ్రాములు కూడా ఉండవు. ఉడికించిన గుడ్డులో కేలరీలు 75 దాకా ఉంటే, మాంసకృత్తులు 6 గ్రాములుంటాయి. 200 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో చక్కెర 20 గ్రాములు దాటుతుంది. రోజుకు 2000 కేలరీలు తినే పెద్దవాళ్లకే పైనుంచి కలిపే చక్కెర 25 గ్రాముల లోపుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైగా తాగిన చక్కెరతో కడుపు నిండినట్టు అనిపించదు. ఆ తర్వాత అన్నం మామూలుగానే తింటారు. మిగులు కొవ్వుగా చేరుతుంది.

ఇంట్లో తిండి అంతంతమాత్రమైన పిల్లకు ఇదే ప్యాకెట్ మరోలా చెరుపు చేస్తుంది. ఆకలి చస్తుంది, మధ్యాహ్నం పళ్లెంలో అన్నం, గుడ్డు మిగిలిపోతాయి. బక్కచిక్కడం, రక్తహీనత అలా ముదురుతాయి. 2016-18 జాతీయ సర్వేలో 10-19 ఏళ్ల పిల్లల్లో 24 శాతం బక్కపలచగా, 5 శాతం అధిక బరువుతో ఉన్నట్టు తేలింది. ఒకే తరగతి గదిలో ఇద్దరూ ఉంటారు.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 9వ తరగతి పిల్లలపై 2010లో వెలువడిన అధ్యయనం ప్రకారం, బడికి 160 మీటర్ల లోపు ఫాస్ట్‌ఫుడ్ దుకాణం ఉన్నచోట స్థూలకాయుల శాతం సుమారు 5 శాతం మేర ఎక్కువ. 400 మీటర్ల దూరానికి ఆ ప్రభావం కనబడలేదు. కాస్త నడవాల్సి వస్తే చాలామంది మానుకుంటారన్నమాట.

మన దేశంలోనూ చట్టం ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తిండిని బడి క్యాంటీన్‌లోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధనలు తెచ్చింది. అంటే గేటు నుంచి సుమారు నూట అరవై నాలుగు అడుగులు.

అంగడి నడిపేవాళ్ల పొట్ట కొట్టాల్సిన పనిలేదు, సరుకు మారితే చాలు. శనగ గుగ్గిళ్లు, వేరుశనగ ఉండలు, జామకాయలు, గుడ్లు 10 రూపాయలకు ఇవ్వగలిగినవే. ధర్మపురి రాగుల సీమ. గ్లాసెడు రాగి అంబలి, మజ్జిగ కలిపి ఇస్తే పిల్లలు మధ్యాహ్నం దాకా నిలుస్తారు. ఫలహారాన్ని 8వ తరగతి దాకా పెంచమని తల్లిదండ్రులు గట్టిగా అడగాలి. ఆరు నెలలకోసారి ఎత్తు, బరువు చూసి, వయసుకు తగ్గట్టు ఉందో లేదో ఇంటివాళ్లకు మాత్రమే చెప్పాలి, తరగతిలో చదివి వినిపించకూడదు.

వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో మార్కులతో పాటు ఆ 50 మీటర్ల సంగతీ మాట్లాడండి. అంగడివాళ్లనూ పిలిచి కూర్చోబెట్టండి. వాళ్ల పిల్లలూ ఆ బడిలోనే చదువుతుంటారు.