కుక్కను ఇంటికి తెచ్చుకొనుటకు ముందు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో కుక్క లేని పల్లె యుండదు. గొల్ల కురుమల మంద వెంట కుక్క నడచును. చేనికాడ మంచె క్రింద కుక్క పండుకొనును. అడవి యంచున నున్న కోయగూడెములలోను, లంబాడీ తండాలలోను క్రొత్తమనిషి వచ్చిన సంగతి ఇంటివారికంటె ముందు కుక్కకే తెలియును. 2016 అక్టోబరులో ఈ మూడును వేరువేరు జిల్లాలకు కేంద్రములైనవి. అంతకుముందు వరంగల్లు జిల్లాలోనివే. ఇచ్చటి కుక్కకును మనిషికిని గల పొత్తు మాత్రము ఏ జిల్లా లెక్కకును అందనంత పాతది. కొమురవెల్లి మల్లన్నయే మహారాష్ట్రమున ఖండోబాగా కొలువబడుచున్నాడు. ఆ దేవుని పటములలో గుఱ్ఱము ప్రక్కన కుక్కయు కనబడును. భైరవునకు శునకమే వాహనము. ధర్మరాజు వెంట చివరివరకు నడచినదియు కుక్కయే కదా!

ఇట్టి చోట కుక్కల పెంపకమును గూర్చి ఎవరికైన చెప్పవలెనా యని శ్రోతలడుగవచ్చును. చెప్పవలసియే యున్నది. జనగామ క్రొత్త కాలనీలలోను, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలోను ఇప్పుడు ల్యాబ్రడార్లు, జర్మన్ షెపర్డులు, పగ్గులు కనబడుచున్నవి. అవి మన వాకిటి కుక్కవలె తమంతట తాము బ్రతుకునవి కావు. వాటిని కొనుట ఒక పూట పని. సాకుట పది, పన్నెండేండ్ల పని. (మన పెద్దలు అల్సేషియన్ అని పిలిచినది ఈ జర్మన్ షెపర్డునే. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఇంగ్లండువారికి జర్మనీ పేరు నోట పలుకుట కిష్టము లేక ఆ పేరు పెట్టిరి. కుక్క మాత్రము మారలేదు.)

మొదట ఎండ సంగతి. మనకువలె కుక్కకు ఒళ్ళంతయు చెమట పట్టదు. పాదముల అడుగున మాత్రమే కొంచెము పట్టును. వేడిని పోగొట్టుకొనుటకు దానికున్న ముఖ్యసాధనము నాలుక వ్రేలవేసి ఒగర్చుట. పగ్గు మూతి అణగియుండుటచే దానికి ఊపిరియే ఇరుకు. ఇక వైశాఖమాసపు టెండలో ఒగర్చి చల్లబడుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. 2003లో హచ్ టెలిఫోను కంపెనీ ప్రకటనలో ఒక పగ్గు కుఱ్ఱవాని వెంట నడచెను. దానితో దేశమంతట పగ్గుల గిరాకి పెరిగినది. ఆ ప్రకటనలో కనబడనిది దాని గురక, దాని ఆయాసము. హస్కీ యను మంచుదేశపు కుక్కను మహబూబాబాదు మేడపై కట్టివేయుటను గూర్చి మేము వేరుగ చెప్పవలసిన పని లేదు. పట్టణమున పిల్లను కొనదలచినవారు మొదట అడుగవలసిన ప్రశ్న అందమును గూర్చి కాదు. మే నెల మధ్యాహ్నము మన ఇంటిలో అది ఎచ్చట పండుకొనును అని.

ఇక ఎవరివద్ద కొనవలెను? జంతుహింసా నివారణ చట్టము క్రింద 2017లో కేంద్రప్రభుత్వము కుక్కల ఉత్పత్తి, విక్రయములకు నిబంధనలు చేసినది. వాటి ప్రకారము అమ్మకమునకై పిల్లలు తీయించువాడు రాష్ట్ర జంతుసంక్షేమ మండలివద్ద నమోదు కావలెను. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. పదునెనిమిది నెలలు దాటని ఆడుకుక్కను కట్టింపరాదు. ఏడాదికి ఒక ఈతకు మించి, జన్మమునకు ఐదు ఈతలకు మించి ఈనింపరాదు. సంతలో గంపలో పెట్టియో, బస్టాండువద్ద అట్టపెట్టెలో పెట్టియో నాలుగు వారముల పిల్లను చూపువానికి ఈ నిబంధనలు తెలియవు; తెలిసినను పాటింపడు. తల్లిని విడచి మరీ ముందుగ వచ్చిన పిల్లకు తల్లిపాల వలన రావలసిన బలము చాలదు. తోడి పిల్లలతో ఆడుకొనుచు, కొరికి కొరికించుకొని, ఎంత కొరికిన నొప్పి కలుగునో నేర్చుకొను కాలమును అది పోగొట్టుకొనును. తరువాత ఇంటి పిల్లల చేతులు కొరికినప్పుడు దానిది తప్పనుట సబబు కాదు. కాబట్టి పిల్లను చూచుటకు ముందు తల్లిని చూపుమనవలెను. తల్లి ఎచ్చట నున్నదో చెప్పలేని వానివద్ద కొనకుండుట మేలు.

పిల్లలు తీయించు విషయమున మనవారికి తెలియని రహస్యమేమియు లేదు. మందలో పొట్టేలును ఏరు కురుమ పెద్దను అడిగినచో చాలును. అతడు ఒకే పొట్టేలును ఏండ్ల తరబడి అదే మందలో ఉంచడు. దాని కూతుళ్ళే దానికి జతయగునని అతనికి తెలియును. మేనరికములు తరతరములుగ సాగిన వంశములలో కొన్ని జబ్బులు పైకి వచ్చుట మనుష్యులలో చూచుచునే యున్నాము. కుక్కలలో మేలుజాతి పేరిట జరుగునది పలుమారు అంతకంటె దగ్గరి సంబంధము. రెండు ప్రక్కల దాగియున్న దోషము ఒకటైనప్పుడు పిల్లలో బయటపడును. జర్మన్ షెపర్డు, ల్యాబ్రడార్ జాతులలో తుంటికీలు సరిగ అమరకుండుట ఇట్టి దోషమే. చిన్ననాడు కనబడదు, రెండు మూడేండ్లకు మెట్లెక్కలేక కుంటును. ఎక్సురే తీయించినచో ముందే తెలియును. ఆ దోషమున్న కుక్క ఎంత చక్కనిదైనను దానికి జత కట్టింపరాదు. పిల్లల ధర చెప్పువానిని తల్లిదండ్రుల ఎక్సురే చూపుమని అడుగువారు ఇంకను తక్కువ.

ఆడుకుక్కను సాకువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. సుమారు ఆరు ఏడు నెలల కొకసారి అది ఎదకు వచ్చును. రక్తము కనబడిన దినములలో జాగ్రత్త పడి, రక్తము పలుచబడగానే గండము గడచినదని వదలివేయుదురు. నిజమునకు అది కట్టు సమయము అప్పుడే. మూడు వారములు నిండువరకు బయట వదలరాదు. కట్టినచో సుమారు 63 దినములకు ఈనును. కుక్క దేహమున వేడి మామూలుగ 101 మొదలు 102.5 డిగ్రీలుండును, అది 99కు దిగినచో సాధారణముగ ఒక దినములోపల ప్రసవమగునని తెలిసికొనవలెను. పిల్లలు పది, పదునాలుగు దినములకు కన్నులు తెరచును. మూడవ వారము మొదలు పన్నెండవ వారమువరకు అవి చూచినది, విన్నది జన్మమంతయు నిలుచును. ముసలివారు, పసివారు, సైకిలు గంట, ఉరుము, వంటింటి గిన్నెల చప్పుడు అన్నియు పరిచయము కావలెను. రేడియో మ్రోతయు వాటికొక పాఠమే!

ప్రదర్శనములను గూర్చి రెండు మాటలు. ఆధునిక పద్ధతిని కుక్కల ప్రదర్శనము 1859లో ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమున జరిగెను. అందు వేటకుక్కల జాతులు రెండే యుండెను. లండనులో కెన్నెల్ క్లబ్ 1873లో ఏర్పడెను. మన దేశమున వంశావళి పత్రములనిచ్చు కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కార్యాలయము చెన్నైలో నున్నది. ప్రదర్శనమున న్యాయనిర్ణేత ఒక కుక్కను మరియొక కుక్కతో పోల్చునని పలువురనుకొందురు. అతడు ప్రతి కుక్కను ఆ జాతికి వ్రాసి పెట్టిన లక్షణములతో పోల్చును: పళ్ళ వరుస, వెన్ను, కాళ్ళ వంపు, నడక, స్వభావము. తన జాతిలో గెలిచినది తన వర్గములో పోటీ చేయును. వర్గములలో గెలిచినవి చివరి బహుమానమునకు నిలుచును. చేతితో తడవి చూచునప్పుడు కరచునట్టిది ఎంత అందమైనను బయటికి పోవును. ఈ క్రమశిక్షణ మంచిదే. బహుమానము వచ్చినది కదా యని దానితో ఎడతెగక పిల్లలు తీయించుట చెడ్డది. చెవులు, తోక కత్తిరించు ఆచారమును మేము మెచ్చము. నిష్కారణముగ జంతువును అంగహీనము చేయుట 1960 నాటి చట్టము ప్రకారము నేరము.

అందమునకై దూరదేశములు వెదకువారు ఇరుగుపొరుగున చూచుట లేదు. తమిళనాడు రాజపాళయము, చిప్పిపారై, కర్ణాటకపు ముధోలు కుక్కలను కర్నాలులోని జాతీయ పశుజన్యు వనరుల సంస్థ ప్రత్యేకజాతులుగ నమోదు చేసినది. 2020 ఆగస్టు 30న ప్రధానమంత్రి తమ ఆకాశవాణి ప్రసంగములో దేశవాళీ కుక్కలను పెంచుడని ప్రజలను కోరిరి. తెలుగునేలకును తనదైన కుక్క కలదు: కొల్లేటి ప్రాంతపు జోనంగి. ముడుతల నొసలు, పొట్టి వెండ్రుక గల ఈ కుక్క మొరుగుటకంటె రాగము తీసినట్లు కూయుటకు పేరుపడినది. బాతులను కాయుట దాని పని. కొల్లేటిలో చేపలచెరువులు పెరుగగా ఆ పని పోయెను, కుక్కయు అరుదయ్యెను. మన మూడు జిల్లాల వాకిటి కుక్కకు ఇట్టి పేరైనను లేదు. దానికి వంశపత్రము లేదు; ఎవరును ఏరి పెంచలేదు; ఎండయు వానయు ఆకలియు ఏరినవి. ఎండకు తాళును, ఉన్నది తినును, మందకు కాపుండును. ఇంటి కాపలాకు కుక్క కావలెననువారికి మేము మొదట చెప్పునది దీనినే.

ఐతే ఈ కుక్క విషయముననే మనము చేయుచున్న పెద్ద తప్పున్నది. ఊరకుక్క ఈనగానే మగపిల్లలకు చేతులు చాతురు. ఆడుపిల్లలను ఎవరును కోరరు. అవి చెరువుకట్ట మీదనో, మార్కెట్టు యార్డు వెనుకనో చేరును. ఏడాది తిరుగకముందే అవి ఈనును. వీధికుక్కలు పెరిగినవని పిదప మొఱపెట్టుచున్నది ఆ కాలనీవారమే! 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో ఒక పసివాడు, అదే ఏట మే నెలలో మన ప్రక్కనే కాజీపేటలో ఒక బాలుడు వీధికుక్కల కాటుకు ప్రాణములు కోల్పోయిరి. ఆ తల్లుల దుఃఖము ముందు కుక్కల పక్షమున వాదించుట ఎవరికిని సులభము కాదు. కోపముతో విషము పెట్టించుట మాత్రము చట్టవిరుద్ధమే కాక నిష్ప్రయోజనము. ఖాళీయైన వీధికి ప్రక్క వీధి కుక్కలు వచ్చును, అవియు సూది మందు పడనివి. 2023 నాటి నిబంధనల ప్రకారము స్థానికసంస్థలు వీధికుక్కలను పట్టి, గర్భనిరోధక శస్త్రచికిత్సయు, పిచ్చికుక్క వ్యాధికి టీకాయు చేయించి, తెచ్చినచోటనే విడువవలెను. పిచ్చి పట్టినవానిని, కరచు స్వభావము గలవానిని విడువరాదని 2025 ఆగస్టులో సుప్రీముకోర్టు చెప్పినది. బడులు, ఆసుపత్రులు, బస్టాండులవంటి చోట్లనుండి తొలగించి ఆశ్రయములలో ఉంచవలెనని ఆ నవంబరులో ఆదేశించినది. ఊరి పని ఊరివారు చేయగా, ఇంటి పని మిగులును: పిల్లలు అక్కరలేనిచో మన ఆడుకుక్కకు మనమే శస్త్రచికిత్స చేయించుట. పశువైద్యశాలలో విచారించినచో ఎచ్చట చేయుదురో చెప్పుదురు. వరంగల్లు దగ్గర మామునూరులో పశువైద్య కళాశాలయే యున్నది.

దినదినము చేయవలసిన పనులు పెద్దవి కావు, మానరానివి. నీరు నీడలో, మట్టిపాత్రలో, ఎప్పుడును ఉండవలెను. ఉడికించిన ఎముకలు చీలి ప్రేగులలో గ్రుచ్చుకొనును, పెట్టరాదు. ఉల్లి, వెల్లుల్లి, ఎండుద్రాక్ష, చాక్లెటు కుక్కకు విషప్రాయములు. మిగిలిన పులుసన్నము పెట్టుట అలవాటైన ఇండ్లలో ఇది ముఖ్యముగ గమనింపవలెను. గోమార్లు పట్టినచో నెత్తురు త్రాగుటయే కాక జ్వరమును తెచ్చును. చెవుల లోపల, వ్రేళ్ళ సందున వారమున కొకసారి వెదకవలెను. పొలమునకు కొట్టు పురుగుమందును కుక్క ఒంటికి పూయువారున్నారు. అది గోమారుతోపాటు కుక్కను గూడ చంపును. పార్వో అను నెత్తురు విరేచనముల జబ్బునకు ఆరు, ఎనిమిది వారముల వయస్సున మొదలిడి మరల మరల టీకా వేయించవలెను. పిచ్చికుక్క వ్యాధి టీకా మూడు నెలలకు, పిదప వైద్యుడు చెప్పిన గడువులకు తప్పక వేయించవలెను. ఆ తేదీలు గోడ క్యాలెండరు మీద వ్రాసి పెట్టుకొనిన మరపు రాదు.

చివరకు కాటు సంగతి. కుక్కకాటుకు చెప్పుదెబ్బ యని సామెత యున్నది గాని ఆ చెప్పు వలన ఏ ప్రాణమును దక్కలేదు. పసుపు, కారము, సున్నము, పసరు ఏదియు గాయమునకు పెట్టరాదు. వెంటనే సబ్బుతో, పారు నీటిక్రింద, పదునైదు నిమిషములు గడియారము చూచి కడుగవలెను. ఆ సబ్బునీరే విషక్రిమిలో చాల భాగమును చంపును. అటుపిమ్మట ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు పొడుచు కాలము పోయినది. ఆ పాత మందు తయారీ మన దేశమున 2004తో ఆగిపోయెను. ఇప్పుడు సూది చేతికే వేయుదురు. చర్మములోనికి వేయు పద్ధతిలో మొదటి దినము, మూడవ దినము, ఏడవ దినము, ఇరువదియెనిమిదవ దినము రావలసియుండును. రక్తము వచ్చిన గాయమైనచో గాయము చుట్టు వేరొక మందుకూడ వేయవలసియుండును; దానిని అడిగి వేయించుకొనవలెను. కరచిన కుక్క పదిదినములు బాగున్నదేమో చూచుచుండవలెను గాని, అది చచ్చునేమో చూచి పిదప సూది వేయించుకొందమనరాదు. జబ్బు పైకి వచ్చిన పిమ్మట మనిషిని దక్కించు మందు లేదు. కుక్క మనదైనను, పిల్ల కుక్క గీరినదే యైనను, నియమమిదే.